అత్తగారు చెప్పిన జవాబులు

మా బుల్లమ్మగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నర్సీపట్నంలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు. గర్భిణి వివరాలు ఎక్కిస్తే ప్రమాదం ఉందో లేదో చెప్పే ఏఐ ట్యాబ్ వచ్చిన రోజు, "ఇదేటి, నాకు సెప్పేదా?" అని మూతి తిప్పారు. వారం తిరక్కుండానే దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వడం మానేశారు. పక్క గదిలో ల్యాబ్ పని చూసే నేను అడిగినా కసురుకోవడమే.

ఒక సోమవారం కొండ మీది ఊరి నుంచి రాజులమ్మ ఎనిమిదో నెల గర్భంతో ఉన్న కోడలు లావణ్యను తీసుకొచ్చింది. వాళ్ల ఊళ్లో అత్త ఎదుట కోడలు తన నొప్పి చెప్పుకోదు. అందుకని బుల్లమ్మగారు ట్యాబ్ చూసి అడిగిన ప్రతిదానికీ రాజులమ్మే జవాబు చెప్పింది.

"తలనొప్పుందా?"

"నేదమ్మా."

"కళ్లు మసకలొస్తన్నాయా?"

"ఏటీ నేదు. రాయిలాగుంది పిల్ల."

బీపీ నూట ముప్ఫై ఎనిమిది. ట్యాబ్ ప్రమాదం లేదని ఆకుపచ్చరంగు చూపించి, రెండు వారాల తర్వాత రమ్మంది.

లావణ్య మాత్రం కిటికీ వెలుగు భరించలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. బుల్లమ్మగారు అది చూశారు. "రాజులమ్మా, నీకూ బీపీ సూపిస్తాను, బేగి రా" అంటూ ఆమెను తెచ్చి నాకు అప్పగించారు. చేతికి పట్టీ చుట్టగానే రాజులమ్మ పెళ్లికూతురిలా సర్దుకుని కూర్చుంది.

అక్కడ తలుపు మూశాక లావణ్య నోరు విప్పింది. మూడు రోజులుగా తల పగిలిపోతోందట. కళ్ల ముందు మిణుగురులట. జవాబులు మార్చగానే ట్యాబ్ ఎర్రబడింది. పావుగంటకు మళ్లీ చూస్తే బీపీ నూట అరవై. డాక్టరుగారు పరుగున వచ్చారు. ఆ పచ్చరంగు నమ్మి పిల్లను బస్సెక్కించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ భయమే.

పది రోజులు ఆసుపత్రిలోనే ఉంచి కాన్పు చేశారు. ఆడపిల్ల. మనిషి చిన్నదే గానీ గొంతు మాత్రం అచ్చం బుల్లమ్మగారిదే.

తర్వాత ట్యాబ్ వాళ్లు వచ్చి మార్పులేమైనా కావాలా అని అడిగారు.

"అన్నిటికన్నా పైన ఒక ప్రశ్న పెట్టండి బాబూ. జవాబు సెప్తన్నది ఎవరు అని" అన్నారామె. పెట్టారు.

అత్తాకోడళ్లు బిడ్డకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు బుల్లమ్మగారు ట్యాబ్ తీసి బాలింతకు ఒంట్లో ఎలా ఉందని అడిగారు. రాజులమ్మ మనవరాలిని ఎత్తుకుని లేచింది.

"దాన్నే అడుగమ్మా. పోయినసారి నా నోరే దాని పేణం మీదికి తెచ్చింది. నాను బయటుంటాను."

గుమ్మం దాటి, మళ్లీ తల లోపలికి పెట్టింది.

"దానిదయ్యాక నా బీపీ సూడాల."