మ్యాపులో లేని మందలు

ఇనుప గనుల తవ్వకం మంచి ఊపు మీదున్న ఏళ్ళలో, వరి కోతలు ముగిసిన ఒక వేసవి మొదట్లో నన్ను బళ్ళారికి బదిలీ చేశారు. పశువైద్య శాఖలో అసిస్టెంట్ డైరెక్టరు హోదా, కంటోన్మెంట్‌లో ఆఫీసు. చేరిన వారానికే సండూరు దగ్గరి ఒక ఊళ్ళో గొర్రెలకు పారుడు రోగం బయటపడింది. జ్వరం, ముక్కు కారడం, ఆపైన పారుడు. చూస్తుండగానే మంద సగమైపోతుంది. అది పాకకముందే టీకాలు వేయించే బాధ్యత నాది.

టీకామందు అన్ని జీవాలకూ చాలదు. ముందు ఎక్కడ వేయాలో తేల్చడానికి శిక్షణలో నేర్చుకున్న కంప్యూటరు పద్ధతి వాడాను. రోగం ఉన్న ఊరి నుంచి దూరం, మా శాఖ రిజిస్టరులోని గొర్రెల సంఖ్య, సంతకు పోయే దారులు ఇస్తే ఊరూరికీ ఎంత ముప్పో అది అంచనా కడుతుంది. అది గీసిన మ్యాపులో సండూరు చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఎర్రగా, అంటే ముప్పు ఎక్కువగా వచ్చాయి. సిరుగుప్ప వైపు కాలువ కింద వరి పండే హచ్చొళ్ళి ఆకుపచ్చగా వచ్చింది. రిజిస్టరు ప్రకారం అక్కడ గొర్రెలే తక్కువ. ఆ మ్యాపును గోడకు తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను.

మందు ఐసుపెట్టెలో పెట్టుకుని మొదటి ఎర్ర ఊరికి వెళ్తే దొడ్లన్నీ ఖాళీ. తిప్పన్న అనే ముసలి కాపరి ఒక్కడే నాలుగు కుంటి గొర్రెలతో ఉన్నాడు. మందలేవని అడిగాను.

"హచ్చొళ్ళికి పోయిండాయప్పా డాక్టరూ. ఈడ గడ్డి యాడుండాది? అంతా లారీల ఎర్రదుమ్మే. ఆడ వరి కోసినారు, మంద కట్టేకి పిలిచినారు. నా కొడుకూ కోడలూ ఆడే ఉండారు. సూదులేస్తే ఆడికి పోయి వేయల్ల."

మంద కట్టడమంటే కోసిన మళ్ళలో రాత్రిపూట గొర్రెలను నిలపడం. రైతుకు ఎరువు, కాపరికి గింజలు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పచ్చ రంగు ఊరికి మందు మోసుకెళ్ళడమేమిటనుకుని, ఆ రోజూ మర్నాడూ ఎర్ర ఊళ్ళే తిరిగాను. ప్రతిచోటా ఖాళీ దొడ్లే.

మూడో రోజు తిప్పన్నను జీపులో ఎక్కించుకుని హచ్చొళ్ళి వెళ్ళాను. మళ్ళ నిండా గొర్రెలే. సండూరు చుట్టుపక్కల మందలన్నీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి, రోగమొచ్చిన ఊరి మంద కూడా. కొడుకు దగ్గరున్న తిప్పన్న గొర్రెలు ముందురోజే మేత మానేశాయట. రోగం పట్టిన జీవానికి టీకా పనిచేయదు. మిగతా మందలకు సాయంత్రం వరకూ వేశాం, అవి చాలావరకు నిలిచాయి. తిప్పన్నకు పట్టుమని పది గొర్రెలు కూడా మిగల్లేదు.

"మొన్ననే చెప్తి కదప్పా," అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

లెక్క కట్టడంలో ప్రోగ్రాము తప్పు చేయలేదు. గొర్రెలు యజమాని ఊళ్ళోనే ఉంటాయని దానికి చెప్పింది నేను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ మ్యాపు గీయించినా ముందు కాపరుల దగ్గరికి మనిషిని పంపి ఒక ప్రశ్న అడిగించేవాణ్ణి. రిజిస్టరులో దానికోసం ఒక గడి కొత్తగా చేర్చి, పైన తిప్పన్న భాషలోనే రాయించాను: 'ఈ నెల మంద యాడుండాది?'