ముందు వరసలో రుమాలు

మాస్టారు పోయేరని ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసేసరికి నేను అమలాపురం బస్టాండులో రాజోలు బస్సు కోసం నించునున్నాను. "ఆయ్, చెప్పండి" అన్నాను. ఆ తర్వాత ఆయన చెప్పింది సగమే విన్నాను. పొద్దున్న టీ తాగుతూ కుర్చీలోనే వాలిపోయేరట, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఇంతలో బస్సొచ్చింది. జనం కిటికీల్లోంచి సీట్ల మీదకి రుమాళ్ళు విసురుతున్నారు. అవి చూస్తూ నేను ఎక్కకుండా అక్కడే నించుని ఏడ్చేను. పక్కనున్న పెద్దావిడ జాలిపడి, "సీటు దొరకలేదా అమ్మా, వెనకాల ఇంకోటుందిలే" అంది.

ఎందుకేడ్చేనో ఆవిడకి చెప్పలేదు. మీకు చెప్పాలి. మాస్టారు మా డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పేవారు. ఓ రోజు క్లాసుకొచ్చి, బోర్డు మీద ఏమీ రాయకుండా, జేబులోంచి రుమాలు తీసి టేబుల్ మీద పరిచేరు. "దీనికి ఎంత బలం ఉందో చెప్పండి" అన్నారు. మేం నవ్వేం. "ఇది బస్సు కిటికీలోంచి సీటు మీద పడిందనుకోండి. మీకు రెండింతలున్న మనిషి కూడా వచ్చి, చూసి, తప్పుకుంటాడు. పోలీసు లేడు, చట్టం లేదు, కండక్టరుకి సంబంధమే లేదు. మరి ఆ మనిషిని ఆపుతున్నదేంటి?" మర్యాద అన్నాడొకడు. తగువు పెట్టుకోవడం దేనికని అన్నాడింకొకడు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "రేపు నా రుమాలు కూడా ఆగాలి కదండీ" అంది.

మాస్టారు ఆ అమ్మాయి వైపు చూసి, "మీ ముగ్గురూ అన్నదాని మీదే మహామహా పండితులు జీవితాలు గడిపేసేరు. ఇంకా తేలలేదు" అన్నారు. సమాజం నిలబడింది ఒప్పుదల మీదా, భయం మీదా, ఎవరి లెక్క వాళ్ళు చూసుకోవడం మీదా అన్నది ఆ రోజు పాఠం. అక్కడితో ఆపేసుంటే హాయిగా ఇంటికి పోదుం. ఆపరు కదా. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, "మరి ఆ కిటికీ దాకా చెయ్యి అందనివాళ్ళ సంగతో?" అని అడిగి వెళ్ళిపోయేరు. ప్రశ్న వేసి వెళ్ళిపోవడం ఆయన అలవాటు. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ కూడా మనం దాంతోనే వేగాలి.

నేను పిరికిదాన్ని. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఆయన క్లాసులో తల పుస్తకంలో దాచుకునేదాన్ని, ఎప్పుడు ఏం అడుగుతారో అని. ఏడాది మొదట్లో ఎవరికి నచ్చిన చోట వాళ్ళని కూర్చోమనేవారు. తర్వాత ఒక్కొక్కళ్ళనే లేపి, "ఇక్కడెందుకు కూర్చున్నావు?" అని అడిగేవారు. అందరం ఒకటే జవాబు, నా ఇష్టమండి అని. "మంచిది. ఇప్పుడొకసారి వెనక్కి తిరిగి చూడండి" అనేవారు. తిరిగి చూస్తే ఏముంది. ఆడపిల్లలం ఓ పక్క, మగపిల్లలు ఓ పక్క. మా అగ్రహారం పిల్లలం ముందు, చర్చి వీధి పిల్లలు గుమ్మం దగ్గర. ఒక్కరూ చెప్పలేదు మాకు ఇలా కూర్చోమని. అందరం ఇష్టపడే కూర్చున్నాం.

మారి కూర్చోమని మాత్రం ఏనాడూ అనలేదు. "చూడండి చాలు. చూసేక ఏం చేస్తారన్నది మీ తలనొప్పి" అనేవారు.

చదువయ్యేక నేను అదే డిపార్టుమెంటులో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరేను. ఆయన రిటైరయ్యేక ఆయన చెప్పే పేపరు నా నెత్తిన పడింది. ఆధునిక సామాజిక సిద్ధాంతంలో ప్రధాన సమస్యలు. పేరు వింటేనే పిల్లలకి ఆవలింతలు. మొదటి క్లాసుకి ముందు ఆయనకి ఫోన్ చేసేను. "భయంగా ఉందా? బాగుంది. నాకు చివరి రోజు వరకూ ఉంది. భయం లేనివాడు పాఠం చెప్పడమ్మా, అప్పజెప్తాడు" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన క్లాసు ముందర వరండాలో గటగటా నీళ్ళు తాగడం, చాక్‌పీసు పట్టుకున్న వేళ్ళు కొంచెం వణకడం. వయసనుకునేదాన్ని.

ఆయన సొంతూరు అల్లవరం పక్క పల్లెటూరు, ఉద్యోగానికొచ్చి మా ఊళ్ళోనే ఉండిపోయేరు. వాళ్ళ నాన్నగారు ఒకళ్ళ చేలో పని చేసి ఈయన్ని చదివించేరు. భార్య ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యేరు. మేం అమ్మగారు అనేవాళ్ళం. కాలేజీ ఫంక్షన్లకి వస్తే ఆవిడ గుమ్మం పక్కనే కూర్చునేవారు. ముందుకి రమ్మంటే, "గాలొస్తోందిలే అమ్మా" అనేవారు. మాస్టారు నా వైపు చూసి కనుబొమలెగరేసేవారు, ఇంత చెప్తే మా ఇంట్లోనే ఇదీ సంగతి అన్నట్టు.

మాది వేదం చెప్పుకునే ఇల్లు. మా పెదనాన్నగారు గుళ్ళో అర్చకత్వం చేసి, ఇప్పుడు పెద్దవారై మానేసేరు. ఆయనా మాస్టారూ పొద్దున్నే కాలవగట్టు మీద నడకకి వెళ్ళేవారు, ఎవరి దారిన వాళ్ళు. "కులాసానా మాస్టారూ", "ఆయ్, మీరెలా ఉన్నారండీ". మర్యాదకి ఏ లోటూ లేదు. ఇన్నేళ్ళలో ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు, అంతే. ఓసారి ఆ గట్టు మీదే నాతో అన్నారు మాస్టారు: "మీ పెదనాన్నగారు మంచివారు. నేనూ చెడ్డవాణ్ణి కాదు. మరి మా ఇద్దరి మధ్యా ఆ గుమ్మం ఎవరు కట్టినట్టు?" ఆయనే మళ్ళీ అన్నారు: "ఈ కాలవ చూడు. మనుషులే తవ్వేరు. తవ్వేక ఇళ్ళూ రోడ్లూ దాని వెంటే వచ్చేయి. ఇప్పుడు మనం కాలవ ఎటు వెళ్తే అటు నడుస్తున్నాం, మన ఇష్టమే అనుకుంటూ. మనం సమాజాన్ని చేస్తున్నామా, అది మనల్ని చేస్తోందా అంటే, రెండూనమ్మా. అదే ఇబ్బంది. ఏదో ఒకటైతే నిద్రపట్టును."

ఇలాంటివి చెప్పి ఆయన హాయిగా టీ తాగేవారు. నిద్ర పట్టనిది నాకు.

భూస్థాపన వాళ్ళ ఊళ్ళో అయింది. తర్వాత కాలేజీలో సంతాప సభ పెట్టేరు. శిష్యురాలిగా నన్ను మాట్లాడమన్నారు. సభకి ముందు ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు జారేసి, "ఏమనుకోకండమ్మా, ఆ బెంచీల ప్రశ్న మాత్రం ఎత్తకండి. ఊరి పెద్దలొస్తున్నారు. ఈ రోజుల్లో ఎవరికేది గుచ్చుకుంటుందో తెలీదు, ఎవడో వీడియో తీసి పెట్టేడంటే మనం సమాధానం చెప్పుకోలేం. మీ రెన్యూవల్ కూడా దగ్గర్లో ఉంది" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు. ఆయన భయం ఆయనది. "ఆయ్ అండీ" అని వచ్చేసేను. వచ్చేనే గానీ, ఆ ప్రశ్న తీసేస్తే మాస్టారిలో ఏం మిగులుతుంది? సహృదయులు, మితభాషి, తీరని లోటు. ఆ మూడు ముక్కలూ ఎవరు పోయినా చెప్పొచ్చు.

హాల్లో ముందు వరస పెద్దలకని అట్టేపెట్టేరు. అమ్మగారి కోసం అక్కడో కుర్చీ ఉంచమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఎవరూ చూడకుండా వెళ్ళి, నా రుమాలు తీసి మధ్య కుర్చీ మీద వేసి వచ్చేను. ఇంత వయసొచ్చి, పాఠాలు చెప్పుకుంటూ, నేను చెయ్యగలిగింది ఆ మాత్రం.

జనం వచ్చేరు, కూర్చున్నారు. నేను స్టేజీ మీదనుంచి చూస్తున్నాను. మా పెదనాన్నగారు వచ్చి రుమాలున్న కుర్చీ పక్కన కూర్చున్నారు. మా వాళ్ళు ముందు. మాస్టారి చుట్టాలు గుమ్మం దగ్గర, వాళ్ళ మధ్య అమ్మగారు. నేను దిగి వెళ్ళి రమ్మన్నాను. "ఇక్కడ బానే ఉందమ్మా, గాలొస్తోంది" అన్నారు. ముందు వరసలో ఆ కుర్చీలో మాత్రం ఎవ్వరూ కూర్చోలేదు. వస్తున్నారు, రుమాలు చూస్తున్నారు, తప్పుకుంటున్నారు.

నన్ను పిలిచేరు. మైకు ముందు నించున్నాను. సహృదయులు అన్నాను. మితభాషి అన్నాను. నీళ్ళు తాగేను. గ్లాసు పట్టుకున్న వేళ్ళు వణకడం చూసుకుంటే, అవి ఆయన వేళ్ళలాగే ఉన్నాయి. ఇది అప్పజెప్పడం, పాఠం కాదు అనిపించింది. మాస్టారు ఇంకో ప్రశ్న కూడా అడిగేవారు: సమాజాన్ని చూసేవాడు ఏ బెంచీలో కూర్చుని చూస్తున్నాడు? నేను స్టేజీ మీద, ఎత్తుమీద నించునున్నాను.

"మాస్టారు మాకు చెప్పిన మొదటి పాఠం ఇదండీ" అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినపడింది. "మనం ఇప్పుడు కూర్చున్న చోట ఎందుకు కూర్చున్నాం? ఎవరూ చెప్పలేదు కదా. తప్పు పట్టడం లేదండీ. ఆయన ఎప్పుడూ పట్టలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడమనేవారు, అంతే."

ప్రిన్సిపాల్ గారు తల దించుకున్నారు. ఎవరో ఫోన్ పైకెత్తేరు. అయిపోయిందే, నా పని అయిపోయింది అనుకున్నాను. ఏ ఒక్కరూ కదలకపోతే ఏం చెయ్యాలో కూడా నేను ఆలోచించుకోలేదు.

మొదట తిరిగింది మా పెదనాన్నగారు. మెడ పట్టేసిన మనిషి, మెడ ఒక్కటీ తిరగదు, కుర్చీ చెయ్యి పట్టుకుని ఒళ్ళంతా తిప్పి చూసేరు. తర్వాత ఆ వరసంతా తిరిగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఆ హాల్లో ముందు కూర్చున్నవాళ్ళు వెనక్కి చూడడం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మం దగ్గరివాళ్ళు ఏం జరుగుతోందో తెలీక సర్దుకు కూర్చున్నారు. అమ్మగారు పమిట చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు, నవ్వో ఏడుపో అంత దూరంనుంచి నాకు తెలీలేదు.

పెదనాన్నగారు చాలాసేపు అటే చూసేరు. తర్వాత పక్క కుర్చీ మీదున్న రుమాలు తీసేరు. అది ఎవరిదని అడగలేదు. నెమ్మదిగా లేచి, దాన్ని చేత్తో పట్టుకుని, గుమ్మం వైపు తిరిగి నించున్నారు. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మగారు లేస్తారో లేవరో నాకు తెలీదు. నేను మైకు కడ్డీ గట్టిగా పట్టుకుని చూస్తున్నాను. పెదనాన్నగారు ఇంకా కూర్చోలేదు.