మంద మారిన గొర్రెలు

పొద్దున ఆరు గంటలకు కడపలో ప్రొద్దుటూరు బస్సెక్కాను. మైలవరం దగ్గర ఓబులేసు అనే కాపరికీ, అతని గొర్రెలకూ పోయినేడు మా ల్యాబులో రక్త పరీక్షలు చేశాం. గొర్రెలు నెలలు నిండకముందే చచ్చిన పిల్లల్ని వేస్తుండేవి. ఓబులేసుకేమో సాయంత్రమైతే జ్వరం, నడుంనొప్పి. గొర్రెలదీ, అతనిదీ ఒకే రోగమని, బ్రూసెల్లా అని, ఆ ఎండాకాలంలోనే తేలింది. గొర్రెల సంగతి పశువుల శాఖ చెప్పాలట, మనిషి సంగతి ఆరోగ్య శాఖ చెప్పాలట. ఎవరు ముందు చెప్పాలో తేల్చుకోలేక రెండూ ఊరుకున్నాయి. ఇన్నాళ్లకు రెండింటి తరఫునా నన్ను పొమ్మన్నారు.

ప్రొద్దుటూరులో కారం దోసె తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగినా ఇంకొకటి చెప్పాను. ఈ దారిన వెళ్లేవాళ్లు అది తినకుండా బస్సెక్కొద్దు. జమ్మలమడుగు బస్సులో పక్కసీటు పెద్దాయన నా ఐసుపెట్టె తట్టి చూశాడు.

"యాడికప్పా, మైలవరం చేపలకా?"

"గొర్రెల రక్తానికి" అన్నాను. ఆయన కాస్త జరిగి కూర్చున్నాడు.

జమ్మలమడుగు నుంచి ఆటోలో వెళ్లేసరికి పదయింది. ఓబులేసు నన్ను చూసి సంబరపడ్డాడు.

"ఈచుకపోయే గొర్రెలు ఇప్పుడు నా మందలో లేవు సార్. దసరాకే మా కూతురు సుబ్బమ్మకు పాలికిచ్చినా."

పాలికివ్వడమంటే, పెంచేది వాళ్లు, పుట్టిన పిల్లలు చెరిసగం. మంద మారిస్తే ఈచుకపోవడం ఆగి, కడుపు నిలుస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం.

"వీరపునాయునిపల్లె కాడ ఉంటాది. కడుపుతో ఉండాది, ఆసరా అయితాదని ఇచ్చినా."

ఆ రోగం గొర్రెల నుంచి మనుషులకు అంటుతుందని, కడుపుతో ఉన్నవాళ్లకు మరీ ప్రమాదమని చెప్పి, అప్పుడే కూతురికి ఫోన్ చేయించాను. అల్లుడు ఎత్తాడు. ఆమెను గొర్రెల దగ్గరికి పోనివ్వొద్దని, ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాను. అన్నిటికీ సరే అన్నాడు గానీ ఆమెకు ఫోన్ ఇవ్వలేదు. ఓబులేసును జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకెళ్లి మందులు ఇప్పించి, మధ్యలో మానొద్దని చెప్పి బయల్దేరాను.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి మూడయింది. అక్కడ రెండు శాఖల సమావేశం. సుబ్బమ్మ సంగతి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. ఆ తర్వాత, రోగం గురించి ఊళ్లో చాటింపు ఎవరు వేయించాలన్న దగ్గర ఆగిపోయారు. టీ మాత్రం బాగుంది. అంతకంటే మంచిమాట ఒకటి రాయాలని నాకూ ఉంది.

ఐదున్నరకు వేంపల్లె మీదుగా కడప బస్సు దొరికింది. వేంపల్లె దాటాక కొత్త నంబరు నుంచి ఫోను.

"సుబ్బమ్మను సార్. మా నాయన అంతా చెప్పినాడు. ఆ గొర్రెలు ఈడ గూడా ఈచుకపోయినాయి. చచ్చిన పిల్లల్ని నేనే చేతుల్తో లాగినా."

ఇప్పుడు ఎలా ఉందమ్మా అన్నాను.

"నాదీ పోయింది సార్, పోయిన నెల. నాయన దిగులు పడతాడని చెప్పల్యా."

అది ఈ రోగం వల్లో కాదో పరీక్ష చేస్తే గాని తెలియదు. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు. రేపు ఆసుపత్రిలో తోడుంటానని మాత్రం అన్నాను.

"మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"ఎండాకాలంలో."



"దసరాకు గదా సార్ మా నాయన గొర్రెల్ని తోలుకొచ్చింది" అంది.