పెద్దలు పిలిచిన్రు

అనసూర్య ఆ మాట తెలుగులోకి మార్చకుండా ఉంటే బాగుండేది. కానీ ఆ పిల్ల నోరు ఊరుకునే రకమా!

"అవ్వా, హైదరాబాద్ల పెద్ద మీటింగున్నది. పెండ్లి కాని పిల్లలందరు ఎక్కడెక్కడికెల్లో వస్తరట. పెద్దలు పిలిచిన్రు, పోయొస్త."

చాటలో బియ్యం ఏరుతున్న కిష్టవ్వ చేయి అక్కడే ఆగిపోయింది.

మామూలు రోజుల్లో అయితే ఏమో గానీ, అవి పోయినవాళ్ళకు విస్తరి వేసి పెట్టే పెత్రమాస ముందు దినాలు. ఆ రోజుల్లో సిద్దిపేటలో పెద్దలంటే ఊరి పెద్దమనుషులు కారు, చచ్చిపోయిన మనవాళ్ళు. కిష్టవ్వకైతే ఆ మాట మరీ చేదు. కొడుకు దత్తాత్రి భీవండిలో మగ్గం పనికి పోయి, జ్వరం వచ్చి, "బాపు పిలుస్తుండు" అన్నాడట. తండ్రి పోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఆ సాయంత్రమే దత్తాత్రీ పోయాడు. తోటివాళ్ళు అక్కడే దహనం చేసేశారు. కన్నతల్లికి కడసారి మొహం కూడా దక్కలేదు. ఇక మిగిలింది కూతురు ఈ అనసూర్య ఒక్కతే.

అనసూర్య నాలుక కరుచుకుంది. హైదరాబాద్‌లో నర్సు పని నేర్చుకునేటప్పుడు ఆమె అమెరికా నుంచి వచ్చిన మార్మన్ల చర్చిలో చేరింది. అక్కడ బోధించేది మీసాలు కూడా సరిగ్గా రాని తెల్లదొరల పిల్లలు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ, దాని మీద ఎల్డర్ అని పేరు. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం, అంతకంటే ఏమీ లేదని తల్లికి నవ్వుతూ చెప్పింది. కిష్టవ్వ నవ్వలేదు.

"ఎవ్వలన్న కానీ బిడ్డా. ఆడ పిలిస్తే మాత్రం పలుకకు. ఓ అనకు. నువ్వు గూడ పోతే నేనెట్ల బతుకాలె?"

"పెత్రమాసకు ముందటి దినమే పొద్దూకేవరకు ఇంట్ల ఉంట. నీ మీదొట్టు."

మీటింగు బ్రహ్మాండంగా ఉంది. మద్రాసు, బెంగుళూరు, విశాఖపట్నం నుంచి వచ్చిన వాళ్ళతో హాలు కిటకిటలాడింది. పాటలు, ఆటలు, ఒకటే నవ్వులు. అందరూ పెళ్ళికాని వాళ్ళే కాబట్టి "ఇంకా కాలేదా" అని అడిగే దిక్కే లేదు, అదొక హాయి. ఒక్కటే బాధ, చాయ్ తాగడం ఆ చర్చిలో నిషేధం. అనసూర్యకు మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయేది.

ఆఖరి రోజు ఒక ముసలి దొర మాట్లాడాడు. పక్కన నిలబడ్డ ఒకావిడ తెలుగులో చెబుతూ పోయింది. చనిపోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చట.

"మీ పెద్దలు మీకోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళు మిమ్మల్ని పిలుస్తున్నారు. కళ్ళు మూసుకుని ఒక్కరిని తలుచుకోండి."

అనసూర్య కళ్ళు మూసుకుంది. అమ్మో, అవ్వ తప్పేమీ వినలేదన్నమాట!

హాలంతా నిశ్శబ్దం. ఏసీల చప్పుడు కూడా దూరమైపోయింది. ఎక్కడి నుంచో గంజి పెట్టిన తడి నూలు వాసన వచ్చింది. ఆ ఏసీ హాల్లో నూలెక్కడిది?

"అన్సూ."

పక్క కుర్చీలోంచే. ఆమెనట్లా పిలిచేది లోకంలో ఒక్కడే, అన్న దత్తాత్రి. మగ్గం మీద కూర్చుని మంచినీళ్ళు తెమ్మన్నట్టు, అంత మామూలుగా పిలిచాడు. పలకకూడదని పళ్ళు బిగించింది. కానీ ఎన్నాళ్ళైంది ఆ గొంతు విని! ప్రాణం ఆగలేదు.

"ఓ" అంది.

కళ్ళు తెరిస్తే పక్క కుర్చీ ఖాళీ. చుట్టూ అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో వాన. గజ్వేల్ దగ్గర బస్సు చెడిపోయింది, ఇంట్లో ఫోన్ లేదు. బస్సులోని ఆడవాళ్ళతో కలిసి బస్టాండులోనే ఉండిపోయి, పెత్రమాస నాడు పొద్దున ఇల్లు చేరింది.

తలుపు తీసే ఉంది. లోపల రెండు విస్తర్లు పరిచి ఉన్నాయి, మొగుడికొకటి, కొడుక్కొకటి. తలంటుకుని తడి వెంట్రుకలతో వడ్డిస్తున్న కిష్టవ్వ తలెత్తింది. తిట్టలేదు, ఏడవలేదు. ముందు కూతురి పాదాలకేసి చూసింది. తర్వాత లేచి, మూడో విస్తరి తెచ్చి పరిచింది.

"కూసో బిడ్డా. రాత్రే అనుకున్న, నిన్ను తోలుకపోయిన్రని."

"అవ్వా, నేనే! బస్సు ఖరాబైంది. బతికే ఉన్న, సూడు!"

చేయి పట్టుకోబోతే కిష్టవ్వ వెనక్కి జరిగింది.

"ఆడ పిలిచిన్రా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పిలిచిన్రు."

"ఓ అన్నవా?"

"అన్న" అంది అనసూర్య.

అన్నాను అనే ఆమె చెప్పింది. మన సిద్దిపేట మాటలో అది అంతటితోనే ఆగిపోతుంది, ఏం చేస్తాం!

కిష్టవ్వ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. కూతురు గుమ్మంలో నిలబడితే రాని సంతోషం అది. అనసూర్య భుజం మీదుగా వాకిట్లోకి తొంగి చూసింది.

"వచ్చిండా? మరి బయటనే నిలవడ్డడేందే? లోపటికి రమ్మను."

కాదు అవ్వా, ఎవ్వరూ లేరు అనాలి. ఆ ఒక్క మాట అంటే తను బతికున్న బిడ్డవుతుంది. దత్తాత్రి మాత్రం ఇంకోసారి చస్తాడు. అనసూర్యకు ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

మెల్లగా గుమ్మంలోంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది.