పది అడుగుల ఫ్లెక్సీలో నా నాలుగు లైన్లు

ఆ రోజుల్లో ‘నీకు దేనికి భయం?’ అని ఎవరైనా అడిగి ఉంటే, పాములూ దెయ్యాలూ గోదారి వరదా అన్నీ వెనక వరసలోకి పోయేవి. నాకు జనం నవ్వితే భయం. నేను రాసింది చదివి నవ్వితే మరీ భయం. దీనికి పుణ్యం కట్టుకున్నది మా పిన్ని కొడుకు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఇంట్లో ఎవరిదో నిశ్చితార్థమని చుట్టాలంతా చేరినప్పుడు, నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్న వాన కవిత వాడి చేతిలో పడింది. రేడియోలో వార్తలు చదివినట్టు గొంతు మార్చి, విస్తళ్ళ ముందు కూర్చున్న బంతి మొత్తానికీ వినిపించాడు. (పులిహోర వడ్డిస్తున్న మా మేనత్త నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టి మరీ కూలబడింది.) ఆ తర్వాత రెండేళ్ళపాటు మా వాళ్ళలో ఎవరికి ఉప్పు కావలసినా ‘కవయిత్రి గారూ, కాస్త ఉప్పు’ అనే అడిగారు. అయినా నేను రాయడం మానలేదు. రాసింది చింపి, ఆ ముక్కల్ని మళ్ళీ చింపి, రెండు వేర్వేరు చోట్ల పారేయడం నేర్చుకున్నాను.

డిగ్రీ అయ్యాక యానాంలోనే ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనింగు పనికి చేరాను. ఓనరుని ఊరంతా బ్రష్షు మావయ్య అనేవారు. ఫ్లెక్సీలు రాకముందు ఆయన పడవలకి పేర్లు, కొట్లకి బోర్డులు చేత్తో రాసేవాడు. కంప్యూటరు దగ్గరకి రమ్మంటే మాత్రం వేడి పెనం మీద చెయ్యి పెట్టమన్నట్టు చూసేవాడు. మాకు పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, రొయ్యల మేత కొట్ల ప్రారంభోత్సవాలు ఎన్నొచ్చినా, నికరంగా వచ్చేవి మాత్రం అశ్రునివాళి ఫ్లెక్సీలే. పోయినవాళ్ళ బంధువులు ఫొటో, పేరు, పెద్దకార్యం తేదీ ఇచ్చి, ‘మిగతాది మామూలుగా పెట్టేయండి’ అనేవారు. మామూలుగా అంటే ‘మీరు లేని లోటు తీరనిది, మీ ఆశయాలే మాకు బాట’ అని. చేపలమ్మిన మామ్మకీ అవే ఆశయాలు, బ్యాంకు మేనేజరుకీ అవే ఆశయాలు. అక్షరాలు ఎంత సైజులో పడతాయో చూసుకోడానికి ముందుగా ఏదో ఒకటి టైపు చేస్తాం. అక్కడ నేను గుట్టుగా నా సొంత లైన్లు కొట్టి, ఫొటో పక్కన అవి ఎలా ఉన్నాయో కాసేపు చూసుకుని మురిసిపోయి, తీసేసి మామూలువి పెట్టేదాన్ని. ఇంతకన్నా క్షేమమైన సాహిత్య జీవితం లోకంలో ఉండదని నా నమ్మకం.

అలా ఉండగా కనకాలపేట ఆటో తాత పోయాడు. మాది మెట్టకూరు. డిగ్రీ మూడేళ్ళూ నేను ఆయన ఆటోలోనే వెళ్ళాను. ఎవరు ఆలస్యంగా వచ్చినా, ‘కాలేజీకి ఎల్తన్నావా, పెళ్ళికి ఎల్తన్నావా’ అంటూ తిట్ల దండకం అందుకునేవాడు గానీ, ఒక్కరోజూ ఎవరినీ వదిలేసి పోలేదు. ఆయన కొడుకు ఫొటో తెచ్చిచ్చి, మామూలుగానే పెట్టేయమని చెప్పి వెళ్ళాడు. ఆ ఫొటో చూస్తుంటే ఏదోలా అయింది. అలవాటు ప్రకారం టైపు చేశాను:

ఎవరు ఆలస్యమైనా ఆగేవాడివి,
తిట్టుకుంటూనే ఆగేవాడివి.
ఈసారి మాకోసం ఆగకుండా వెళ్ళిపోయావు,
నీ తిట్లు లేక రోడ్డంతా చిన్నబోయింది.

చేసి, తీసేయకుండా భోజనానికి వెళ్ళిపోయాను. (చెయ్యకూడని పని ఇదొక్కటే. ఆ రోజు మా ఇంట్లో పులస పులుసు. అంతకన్నా సంజాయిషీ నా దగ్గర లేదు.) తిరిగొచ్చేసరికి స్క్రీను మీద పని అయిపోయిందనుకుని, పేరు, ఫొటో సరిచూసుకుని, బ్రష్షు మావయ్య మిషన్ కుర్రాడితో ప్రింటు వేయించేశాడు. తాత కొడుకు వచ్చి పట్టుకెళ్ళి, వెదురు కర్రలు కట్టి వీధి మొదట్లో నిలబెట్టేశాడట కూడా.

పది అడుగుల వెడల్పు. ఒక్కో అక్షరం అరచెయ్యంత. పోయినవాడిని తిడతాడని రాసిన మొదటి అశ్రునివాళి ఈ భూమ్మీద అదే అయ్యుంటుంది. జనం నవ్వుతారు, అది ఖాయం. పైగా ఇంటివాళ్ళు వచ్చి మా షాపు మీద పడతారు, ఉద్యోగం పోతుంది, ఎవరు రాశారంటే నా పేరు బయటకొస్తుంది. అన్నిట్లోకీ చివరిదే ఘోరం. విషయం చెబితే మావయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని, మామూలు వాక్యాలు స్టిక్కరు మీద కొట్టించి ఇచ్చాడు. వెళ్ళి ఆ నాలుగు లైన్ల మీద అతికించి రమ్మన్నాడు. ఎవరడిగినా కంప్యూటరు పొరపాటని చెప్పమన్నాడు.

స్టిక్కరు చుట్టని చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆ డ్రైవరూ కనకాలపేటవాడే. పక్కనున్న ఆయనతో, ‘సచ్చిపోయినోణ్ణి తిట్టేవోడని రాసేరండి, సూసేరా’ అన్నాడు. నేను చున్నీ ముఖం మీదికి లాక్కున్నాను. ఆయనేం జవాబు చెప్పాడో ఆటో మోతలో వినబడలేదు. దిగి వీధి మొదట్లోకి వెళ్ళేసరికి ఫ్లెక్సీ కింద ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. నవ్వుతున్నారు. నేను ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డానో సరిగ్గా అదే, నా అక్షరాల కిందే నిలబడి, పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు. వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. ఈలోగా తాత కొడుకు నన్ను చూసి, షాపు అమ్మాయి వచ్చిందని కేకేశాడు.

ఆ పక్కనే వాళ్ళింటి అరుగు మీద కూర్చున్న మామ్మ, తాత భార్య, నన్ను పిలిచింది. ‘ఎవరమ్మా రాసింది?’ అని అడిగింది. కంప్యూటరు పొరపాటు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే బతికిపోయేదాన్ని. ఎందుకు అనలేదో నాకిప్పటికీ తెలీదు. బహుశా ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉండడం చూసి అబద్ధం ఆడలేకపోయుంటాను.

‘నేనేనండి’ అన్నాను.

‘నాకు సదువు రాదు. వీళ్ళు సదివి నవ్వుతున్నారు గానీ నాకు సరిగ్గా సెప్పట్లేదు. నువ్వు సదువు.’

అందరి ముందూ, ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, నా నాలుగు లైన్లు నేనే చదివాను. ‘తిట్టుకుంటూనే’ దగ్గర వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగిపోయాను. మామ్మ కానీమన్నట్టు తలూపింది. మిగతా రెండు లైన్లూ నేల చూస్తూ చదివాను. తలెత్తేసరికి మామ్మ కూడా నవ్వుతోంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

‘మంచోడని అందరికీ రాత్తారమ్మా. ఇది మాత్రం మా ఆయన’ అంది. మళ్ళీ తనే, ‘ఒక్కటే తప్పు. ఆడోళ్ళ కోసం ఆగేవోడు గానీ మగోళ్ళ కోసం ఆగేవోడు కాదు’ అంది. దాంతో అక్కడున్న మగవాళ్ళంతా, అవునండి, ఫలానా రోజు నన్ను వదిలేశాడండి అంటూ ఒకరి తర్వాత ఒకరు తాత తిట్లు అందుకున్నారు. అదే నాకు దక్కిన మొదటి విమర్శ. అంత న్యాయమైన విమర్శ మళ్ళీ ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

భయం ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం. ఈ కాగితం ఎవరికైనా చూపించేముందు ఇప్పటికీ అరచేతులకి చెమటలు పడతాయి. కానీ ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వాగదు. పాపం, బతుకులో తను రాసిన ఒకే ఒక్క నిజమైన మాటను మూసేయడానికి స్టిక్కరు చుట్ట చంకలో పెట్టుకుని, ఆటో ఎక్కి మరీ బయల్దేరింది.