పొట్ట మీది పిడికి ఇన్విజిలేటరు

ఎదురింటి వాళ్లు నూలు చీరలకు గంజి పెట్టి దండెం మీద ఆరేస్తే, ఆ కాస్త పులిసిన వాసనకు నేను ఇప్పటికీ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంటాను. నల్లగొండ బాలికల బడిలో మా హెడ్మిస్ట్రెస్ అనంతమ్మ గారి కంటే ముందు ఆమె చీర గంజి వాసన వచ్చేది, ఆ వెనక ఆమె వచ్చేవారు. ఆమె నవ్వడం చూశామన్న వాళ్లు బడి మొత్తానికి ఇద్దరున్నారు గాని, ఆ ఇద్దరి మాటలకూ పొంతన కుదిరేది కాదు. నేనేమో సైన్సు చెప్పేదాన్ని, నోరు తెరిస్తే ఏదో ఒక జోకు వేసేదాన్ని. మా ఇద్దరికీ పడటానికి పైకి కారణమేదీ కనిపించదు.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో నా ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో రొమ్ముతో సహా తీసేశారు. ప్రాణం దక్కింది. ఇంట్లో వాళ్లు కొబ్బరికాయ కొట్టి ఆ సంగతి ముగించారు. నాకు మాత్రం ముగియలేదు. రవికెలో పాత గుడ్డ ఉండచుట్టి పెట్టుకునేదాన్ని. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే అది భుజం వైపు ప్రయాణం కట్టేది. గురుత్వాకర్షణ పాఠం చెప్పే మనిషికి అది మర్యాద కాదు.

ఏడాది తిరిగాక, విదేశంలో చదివొచ్చిన సర్జను ఒకాయన పొట్ట చర్మంతో కొత్త రొమ్ము కట్టవచ్చన్నాడు. ఒక్క ఆపరేషనుతో అయ్యేది కాదు. ముందు పొట్ట మీది చర్మాన్ని చుట్టి, రెండు కొసలూ ఒంటికే అంటుకుని ఉండేలా గొట్టంగా కుడతారు. అది అచ్చం ట్రంకుపెట్టె పిడిలా ఉంటుంది. కొన్ని వారాలయ్యాక కింది కొస తెంచి ఛాతీకి కుడతారు. అక్కడ అతుక్కున్నాక రెండో కొస విడదీస్తారు. "ఇక్కడ ఇంతవరకు ఎవరికీ చేయలేదమ్మా," అన్నాడాయన మొహమాటపడుతూ.

మా అత్తగారికి అలాంటి మొహమాటాలు లేవు. "పిల్లలిద్దరు బడికి వోతున్రు. ఇంకెవలికి పాలియ్యాలెనే నీకు?" అంది. మా ఆయన పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అది నిన్నటి పేపరు.

సెలవు సంగతి తేల్చడానికి ఆ సాయంత్రం అనంతమ్మ గారే ఇంటికి వచ్చారు. మా అత్తగారు ఎదురుపోయింది. "జర మీరన్న చెప్పున్రి పంతులమ్మా. బతికి బయటపడ్డది సాలదా? మల్ల గీ కోతలేంది?"

అనంతమ్మ గారు నా వైపు తిరిగారు. "సరోజా, నీకు కావాల్నా, వద్దా?"

"పొట్ట ఎట్లాగూ ఎక్కువే ఉంది గదా మేడమ్..." అని మొదలుపెట్టాను.

"నేను జోకు అడగలే."

"కావాలె," అన్నాను. అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

ఆమె మా అత్తగారి వైపు తిరిగారు. "అవ్వా, మీ పెద్దకొడుకు బంగారు పన్ను కట్టిచ్చుకున్నడు గదా. గది ఏ చెరుకులు నములనీకి?"

"గట్లంటరేందమ్మా! పన్ను లేకుంటె నోరు బోసిగుండదా?"

"ఆఁ, గదే," అని చాయ్ తాగి వెళ్లిపోయారు.

పిడి కుట్టారు. చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపాలో తెలియని ఆ వారాల్లో, ఎవరైనా సామానుతో పాటు నన్నూ ఎత్తి బస్సు టాపు మీద వేస్తారని నా బెంగ. ఆ తర్వాత అసలు పరీక్ష వచ్చింది. తెంచబోయే కొసను రబ్బరు గొట్టంతో కాసేపు బిగించి చూడాలి. పై కొస నుంచి వచ్చే రక్తమే చాలితే చర్మం జామపండు లోపలి రంగులో ఉంటుంది, చాలకపోతే నీలమవుతుంది. రోజురోజుకూ సేపు పెంచుతూ దానికి అలవాటు చేయాలి. తొందరపడి తెంచితే అది నల్లబడి చచ్చిపోతుంది. మళ్లీ తీయడానికి పొట్ట మీద చర్మం మిగలదు.

దసరా సెలవులకు దవాఖానకు వచ్చిన అనంతమ్మ గారు సర్జనును అడిగారు: "గంత సేపు ఎవరు చూస్తరు?"

"సిస్టర్ చూస్తుందమ్మా."

"ఆమెకు వార్డంత ఉన్నది. నేను చూస్త."

మంచం పక్కన కుర్చీ వేయించుకుని, చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని, నా పొట్టను పరీక్ష హాల్లో చివరి బెంచీని చూసినట్టు చూశారు. అది కాపీ కొట్టే అవకాశమే లేదు. నేను నవ్వించబోతే, "నవ్వకు, కుట్లు కదుల్తయి," అన్నారు.

మూడు రోజులు సాఫీగా గడిచాయి. ఆ మర్నాడు రంగు మారింది. ముందు బూడిద రంగు, చూస్తుండగానే నేరేడు రంగు. ఆమె చటుక్కున రబ్బరు వదులు చేసి సిస్టరును కేకేశారు. నా నోటికి ఏ జోకూ తోచలేదు. "పోయిందా మేడమ్?" అన్నాను.

"చూడనియ్." ఆమె వేలితో మెల్లగా నొక్కి వదిలారు. తెల్లబడింది. ఇద్దరం చూస్తుండగా, మెల్లమెల్లగా ఎరుపు తిరిగింది.

"రేపు గూడ గిట్లనే ఫెయిలైతే?"

"సప్లిమెంటరీ ఉంటది."

ఆమె నోట నేను విన్న మొదటి జోకు అది. జోకని ఆమెకు తెలుసో లేదో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు సేపు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రంగు నిలిచింది. తర్వాతి రోజుల్లోనూ నిలిచింది. కొస తెంచారు, ఛాతీకి కుట్టారు. అది అతుక్కునేదాకా పడిపోయిన రూపాయి వెతుకుతున్నదానిలా వంగి నడిచాను. రెండో కొస కూడా విడదీసి, చివరి కట్టు విప్పిన రోజు అనంతమ్మ గారు మళ్లీ వచ్చారు. కొత్తది కుడిదానికి సరిజోడేమీ కాదు. కొంచెం కిందికి, కొంచెం పక్కకి. కానీ వెచ్చగా ఉంది, బతికి ఉంది, నాది. నేను భోరున ఏడ్చాను. ఆమె కళ్లద్దాలు సవరించుకుని పరకాయించి చూశారు.

"సెకండ్ క్లాసు. చాలు, నౌకరీ వస్తది," అన్నారు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. పొట్ట చర్మం కాబట్టి, నేను బాగా తిన్న నెలలో ఎడమది ఎక్కువ లావవుతుంది. దాచిపెట్టే బుద్ధి దానికి లేదు. మొన్న మా వీధిలో ఒకావిడ, ఇలాంటి ఆపరేషనే చేయించుకోవాలనుందని, ఈ వయసులో ఎందుకని ఇంట్లో అంటున్నారని, తలవంచుకుని చాలాసేపు సంజాయిషీ చెప్పింది. సగంలోనే ఆపాను.

"పక్కన కూసునేటందుకు ఎవరున్నరమ్మా? నేనొస్త."