పేర్లు కత్తిరించిన పెట్టెలు

ఆ బుధవారం పొద్దున పాలప్యాకెట్ మీద తేదీ రెండుసార్లు అచ్చయి ఉంది, ఒకదాని మీద ఒకటి, కొంచెం పక్కకు జరిగి. ఏ తేదీయో తెలియక కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తుండగా ఫోన్ మోగింది. జమ్మలమడుగు నుంచి మా కుట్టు టీచర్ తమ్ముడు. “అక్క పొయ్యింది పాపా, నిద్దట్లోనే” అన్నారు. నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. తక్కువ మాటలు నాకు అలవాటే. ఆయనకు కాదు. “పులివెందుల పెట్టెలు ఎనభై ఈడ్నే ఉండాయి. వాటినేం చేయల్లో నాకు తెలీదు” అని ఫోన్ పెట్టేశారు.

బిస్కెట్లు పెట్టి ఇచ్చే ఆ అట్ట పెట్టెలు టీచర్ చేతి చివరి పని. వాటి గురించి చెబుతూనే ఆమె గురించి చెబుతాను. వేరేగా చెప్పడం నాకు రాదు.

జమ్మలమడుగు కాన్వెంట్ హాస్టల్లో నేను ఆరేళ్లు ఉన్నాను. టీచర్ మాకు వారానికి రెండు పీరియడ్లు కుట్టుపని, కాగితంతో చేసే పనులు నేర్పేవారు. మార్కులు లేని సబ్జెక్టు కాబట్టి ఆ పీరియడ్లో చాలామంది లెక్కల నోట్సు రాసుకునేవాళ్లు. ఆమె ఎవరినీ తిట్టేవారు కాదు. నోట్సు రాసుకునే పిల్ల పక్కన నిలబడి, ఊడిపోయిన లంగా అంచు అక్కడికక్కడే కుట్టి, దారం పళ్లతో కొరికి ముందుకు వెళ్లిపోయేవారు.

బిస్కెట్లు చేసి పంచడం ఆమె సొంత పని, బడికి సంబంధం లేదు. క్రిస్మస్‌కు వీధి మొత్తానికి ఇచ్చేవారు. మిగతా రోజుల్లో ఎవరి ఇంట్లో కాన్పు అయినా, ఎవరి బిడ్డ పాసైనా, ఎవరికి ఉద్యోగం వచ్చినా ఒక పెట్టె పోయేది. అమ్మితే బాగా పోతాయి కదా టీచరమ్మా అని ఊళ్లో చాలామంది అనేవాళ్లు. “అమ్మేదానికి బజార్లో శానామంది ఉండారు” అనేవారు, అంతే.

మా వైపు ఇళ్లలోకి ఓవెన్లు ఈ మధ్యనే వచ్చాయి. అంతకుముందు పిండి, చక్కెర, నెయ్యి తీసుకుపోయి బేకరీ బట్టీలో కాల్పించుకునేవాళ్లం. టీచర్ చివరిదాకా బట్టీకే పోయారు. మధ్యాహ్నం రొట్టెలు దించేశాక, వేడి తగ్గుతున్నప్పుడు న్యూస్‌పేపర్ ముక్క ఒకటి లోపల పెట్టించి అరవై దాకా లెక్కపెట్టేవారు. ముక్క నల్లబడితే ఇంకా ఆగాలి. తేనె రంగుకు వస్తే ట్రేలు పెట్టొచ్చు. మైదా, నెయ్యి, పొడిచేసిన చక్కెర, వేయించి దంచిన వేరుశనగ గింజలు. వాటిలో ఇంకేమీ ఉండేది కాదు. ఒకసారి నేను పుస్తకంలో చదివి వాటిని కుకీలు అన్నాను. “నువ్వు కుకీ అను, నేను బిస్కెట్ అంటా. సోడా వేస్తే రెండూ సబ్బు మాదిరే ఉంటాయి” అన్నారు.

మా నాన్న తొండూరులో గొర్రెలు కాస్తాడు. హాస్టల్‌కు వచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబడేవాడు, లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. నేనూ ఎక్కువగా పిలిచేదాన్ని కాదు. అది ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. టీచర్ ఒకరోజు గేటు దగ్గరికే స్టూలు తెప్పించి ఆయన్ని కూర్చోబెట్టి, చేతిలో పెట్టె పెట్టారు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత మంచి దాంట్లో పెడితే ఎట్ల తినేదమ్మా అన్నాడు. “పెట్టె తినొద్దప్పా, లోపలివి తిను” అన్నారు టీచర్. ఆయన నవ్వడం ఆ గేటు దగ్గర నేను చూసింది అదే మొదటిసారి.

ఆ పెట్టెలు ఆమె పెళ్లి పత్రికలతో చేసేవారు. ఊళ్లో ప్రతి ఇంటికీ ఏడాదికి ముప్పై నలభై పత్రికలు వస్తాయి. మందపాటి అట్ట, బంగారు అంచు. పెళ్లి అయిపోయాక వాటితో ఎవరికీ పని ఉండదు. టీచర్ వాటిని అడిగి తెచ్చుకునేవారు. పసుపు పూసిన మూలలు కత్తిరించేవారు. దేవుడి బొమ్మలు విడిగా తీసి కవర్లో దాచి, పెన్నకు నీళ్లొచ్చినప్పుడు వదలమని పక్కింటి ఆమెకు ఇచ్చేవారు. టీచర్ చర్చికి పోయే మనిషి, అయినా ఆ బొమ్మలను ఎప్పుడూ చెత్తలో వేయలేదు. తర్వాత పేర్లు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు ఉన్న భాగమంతా తీసేశాకే మడత మొదలయ్యేది. జిగురు లేదు, పిన్ను లేదు. నాలుగు కోతలు, ఎనిమిది మడతలు. ఒకరి పేర్లు ఇంకొకరి ఇంటికి పోగూడదు అనేవారు.

తొమ్మిదో తరగతి క్రిస్మస్‌కు చివరి ఇరవై పెట్టెలు నాకు అప్పగించారు. నేను బల్ల కింద ఒడిలో పుస్తకం పెట్టుకుని, పైన చేతులతో మడుస్తూ కూర్చున్నాను. ఒక పత్రికలో పేర్లు కత్తిరించలేదు. ఆ పెట్టె మా బడి వెనక వీధిలో ఒక ఇంటికి పోయింది. ఆ ఇంటి కూతురిదే ఆ పెళ్లి. అది ఏడాదికే చెడిపోయి ఆ అమ్మాయి పుట్టింటికి తిరిగొచ్చింది. బిస్కెట్లు అయిపోయాక పెట్టె అడుగున బంగారు అక్షరాల్లో ఆ అమ్మాయి పేరు, అతని పేరు పక్కపక్కన కనిపించాయి.

మరునాడు ఆ తల్లి ఖాళీ పెట్టె తెచ్చి టీచర్ బల్ల మీద పెట్టింది. “ఇది ఎగతాళికి చేసినారా టీచరమ్మా?” అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయింది.

సాయంత్రం టీచర్ హాస్టల్‌కు వచ్చి చెప్పులు వేసుకో అన్నారు. ఆమే క్షమాపణ చెబుతారని, నేను పక్కన తల వంచుకుని నిలబడితే చాలని అనుకున్నాను. ఆ ఇంటి గడప దగ్గర ఆమె ఏమీ మాట్లాడలేదు. చేతులు కట్టుకుని వీధివైపు చూస్తూ నిలబడ్డారు. తల్లి మా ఇద్దరినీ చూస్తోంది. చివరికి నేనే అన్నాను, “నేను చేసినా. పుస్తకం సదువుకుంటా పేర్లు చూడలేదు.”

తల్లి ఎవరి బిడ్డవని అడిగింది. చెప్పాను. లోపలి నుంచి ఆ అమ్మాయి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను.

“ఏం పుస్తకం?” అంది.

పేరు చెప్పాను.

“బాగుందా?”

బాగుందన్నాను. అయిపోయినాక నాకు తెచ్చియ్యి అంది. తల్లి మాత్రం, పుస్తకం సదివేది తప్పు కాదు గాని చేతిలో పని చూసుకోవల్ల కదా అని గొణుక్కుంటూ మాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తిరిగి వస్తుంటే టీచర్ అన్న మాట ఇది. “నేను చెప్పింటే ఆయమ్మ నన్ను మన్నించి పంపిస్తాండె. నీ తప్పు నీకాడ్నే ఉండిపోతాండె.”

ఇప్పుడు పులివెందుల సంగతి. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయికి ఈ మధ్య ఆడపిల్ల పుట్టింది. ఆదివారం తొట్టెల పండగ. వచ్చినవాళ్లకు ఇవ్వడానికి ఎనభై పెట్టెల బిస్కెట్లు తన కానుకగా ఇస్తానని టీచర్ మాటిచ్చారు. బుధవారం నేను జమ్మలమడుగు పోయేసరికి పెట్టెలన్నీ మడిచి, మూతలు వేసి, గోడవార పేర్చి ఉన్నాయి. వేయించిన వేరుశనగ గింజలు గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. పిండి ఇంకా కలపలేదు. హాలులో టీచర్‌ను పడుకోబెట్టారు.

సాయంత్రం ఆమె తమ్ముడు నన్ను వరండాలోకి పిలిచారు. పసిబిడ్డ పండక్కి సావు ఇంటి నుంచి వచ్చిన పెట్టెలంటే ఎవరు ముట్టుకుంటారు అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు, మా ఊళ్లోనూ అంతే. “చెప్పాకు పాపా. ప్రొద్దుటూర్లో కొన్యానని చెప్పి ఇచ్చెయ్. అక్క మాటా నిలబడుతుంది, వాళ్లకూ బాధ ఉండదు” అన్నారు.

నాకూ అదే సులువు. నేను ఫోన్లు చేసే మనిషిని కాదు. ఎవరైనా చేస్తే ఆగిపోయేదాకా చూసి, తర్వాత మెసేజ్ పెడతాను. కానీ చెప్పకుండా ఇస్తే టీచర్ మడిచిన ఎనభై పెట్టెలూ బజారు పెట్టెలు అయిపోతాయి. చెబితే వద్దనొచ్చు, అప్పుడు అవి ఎక్కడికీ పోవు. వరండా మెట్ల మీద కూర్చుని, వద్దంటే వద్దననీ అనుకుని పులివెందులకు ఫోన్ చేశాను.

నా స్నేహితురాలు విని ఏడ్చింది. తర్వాత గొంతు తగ్గించి, మా అత్త ఏమంటదో అంది. అత్తకే ఫోన్ ఇవ్వమన్నాను. ఆమెను నేను పెళ్లిలో ఒక్కసారి చూశాను. పెద్ద గొంతు, వంటవాళ్ల మీద కేకలు.

“ఎప్పుడు పొయ్యింది?”

“రాత్రి, నిద్దట్లో.”

“పెట్టెలు ఎప్పుడు మడిచింది?”

“పోయిన వారమంతా.”

“బిస్కెట్లు కాల్చిందా?”

“లేదు. గింజలు వేయించింది.”

అవతల ఎవరినో కేకేసి స్టవ్ ఆపమంది. తర్వాత నాతో అంది.

“సావు ఇంట్లో ఉన్న గింజలు తినేదానికి వద్దు, ఆడ్నే ఎవురికన్నా ఇచ్చెయ్. పెట్టెలు తీస్కరా. ఆయమ్మ బతికున్నెప్పుడు మడిచినవి సావు పెట్టెలు ఎట్లయితాయి? పిండి, నెయ్యి, చక్కెర, గింజలు మా ఇంట్లో ఉండాయి. శనివారం తలకు పోసుకోని రా, ఈడ్నే బట్టీలో కాల్పిద్దాం. నీకు చేసేది వస్తాదా?”

“వస్తాది” అన్నాను. అంతకుముందు నేను ఒంటరిగా ఒక్క ట్రే కూడా కాల్చలేదు.

గురువారం టీచర్‌ను సమాధి చేశారు. పెట్టెలను రెండు పెద్ద అట్టపెట్టెల్లో సర్ది ప్రొద్దుటూరుకు తెచ్చుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఎనభై మూతలూ తీసి, ఒక్కొక్క పెట్టె అడుగు చూశాను. ఎక్కడా ఒక్క పేరు లేదు. చివరివాటిలో కత్తెర గీత కొంచెం వంకర పోయింది, అంతే. చూపు తగ్గినట్టుంది. నాకెప్పుడూ చెప్పలేదు.

శనివారం పులివెందుల బస్సులో కండక్టర్ అట్టపెట్టె ఎత్తి చూసి, ఏందమ్మా ఇంత తేలిక, ఏముండాయి అని అడిగాడు. పెట్టెలు అన్నాను. “పెట్టెలో పెట్టెలా?” అన్నాడు. అవునన్నాను. బస్సులో సగం మంది నావైపు తిరిగారు. ఇంకో రోజైతే దిగిపోయేదాన్నేమో.

బట్టీ ఆయన మొదట కుదరదన్నాడు, మేం పెట్టే ట్రేలకే ఖాళీ లేదన్నాడు. రొట్టెలు దించినాక మూడింటి నుంచి ఐదింటి దాకా మీ బట్టీ ఊరికే ఆరిపోతుంది కదా, ఆ వేడి చాలు అన్నాను. ఆయన నన్ను కొత్తగా చూశాడు. న్యూస్‌పేపర్ ముక్క పెట్టి అరవై లెక్కపెట్టాను. మొదటి ముక్క నల్లగా వచ్చింది. రెండోది ముదురు గోధుమ రంగు. ఆగలేక ట్రే పెట్టించాను, బిస్కెట్ల అడుగు మాడింది. అత్త ఒకటి కొరికి చూసి, “మాడినవి మనకు. తొందర పడాకు” అని అక్కడే పిండి బస్తా మీద కూర్చుంది. మూడో ముక్క తేనె రంగుకు వచ్చేదాకా ఆగాను. ఆ తర్వాత ఒక్కటీ మాడలేదు.

ఆదివారం పది గంటలకు బిడ్డను తొట్టెలో వేశారు. పాటలయ్యాక వచ్చినవాళ్లకు అత్తే పెట్టెలు ఇచ్చింది. ఒకావిడ మూత తీసి, మడతలు చూసి, “యాడ కొన్యారు? బాగుండాయే” అంది. నా స్నేహితురాలు నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“కొనలేదు. జమ్మలమడుగు టీచరమ్మ మడిచింది, ఈ పాప కాల్చింది.”

“ఆ టీచరమ్మ రాలేదా?”

“బుధవారం పొయ్యింది.”

ఆవిడ మూత మూసింది. ఇప్పుడు కింద పెట్టేస్తుంది అనుకున్నాను. మళ్లీ తెరిచి, ఒక బిస్కెట్ తీసి సగం విరిచి చంకలోని మనవడి నోట్లో పెట్టి, మిగతా సగం తాను తిన్నది. ఇంటికాడ ఇంకో మనవరాలు ఉందని రెండో పెట్టె కూడా అడిగి తీసుకుంది. పదకొండున్నరకు గోడవార ఒక్క పెట్టె కూడా మిగల్లేదు. వాకిట్లో పిల్లలు ఖాళీ పెట్టెలు విప్పి, ఆ మడతలు మళ్లీ వేయడానికి చూస్తున్నారు. ఎవరికీ రావడం లేదు. నేను వాళ్ల మధ్య కింద కూర్చుని మొదటి మడత నుంచి చూపించాను.

అదే ఆదివారం పదకొండు గంటలకు జమ్మలమడుగు చర్చిలో టీచర్ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆమె శిష్యుల తరఫున నాలుగు మాటలు మాట్లాడమని నన్నే అడిగారు. నేను పోలేదు.